మూత పెట్టొద్దు

అమలా,

బడి నుంచి రాగానే నీ తోకకప్పల బేసిన్‌లో సగం నీళ్లు వంపేసి, మధ్యలో ఒక రాయి పెట్టు. మూత పెట్టొద్దు. కాళ్లొచ్చాక వాటికి చేపల్లాగా మొప్పలుండవు, పైకొచ్చి గాలి పీల్చుకోవాలి.

పొద్దున మీ నాయన ఇల్లంతా ఎగురుతాయని అంచుదాకా నీళ్లు పోసి, మూతేసి, పైన రుబ్బురోలు పొత్రం పెట్టాడు. "నీళ్లలో పుట్టినవి నీళ్లలో సస్తాయా యాడన్నా?" అని నవ్వాడు. చాలా చచ్చిపోయాయి. నేను మూత లాగితే ఆ పొత్రంతోనే నా చేయి విరగ్గొట్టాడు.

మీ మామతో పుత్తూరుకు కట్టు కట్టించుకోను పోతున్నాను. ఇంట్లో ఒక్కదానివే ఉండొద్దు. మిగిలినవాటిని తీసుకుని పక్కింటి మోహనక్క దగ్గరికి వెళ్లిపో. నాయన పిలిచినా రావొద్దు.

అమ్మ

ఎడమచేత్తో రాశాను, కూడబలుక్కుని చదువు. కట్టు కట్టేవాళ్లు అడిగితే ఈసారి జారిపడ్డానని చెప్పను.