చెయ్యి తియ్యి, యాదమ్మా

యాదమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మేడ్చల్‌లో మన షెడ్డు నడుస్తూనే ఉంది. నీ చెయ్యి నలిగి ప్రాణం పోయిన, ఇనుప రేకులు వంచే ప్రెస్సు మీద ఇప్పుడు సత్తెమ్మ పనిచేస్తోంది. రోజూ పొద్దున "చెయ్యి తియ్యి, యాదమ్మక్కా" అని చెప్పాకే పెడల్ తొక్కుతుంది.

మన సామాను కొనే పెద్ద కంపెనీ ఈసారి నీతి నియమాల కాగితం పంపింది. "మీ దగ్గర ఎవరికైనా ప్రమాదం జరిగిందా?" అని అందులో అడిగారు. మా ఆయన "లేదు" అని రాశారు. షెడ్డు నా పేరున ఉంది కాబట్టి సంతకం నేను పెట్టాను. ఆర్డర్లు ఆగితే ఇంతమంది ఆడవాళ్ల పని పోతుందని నాకు నేను చెప్పుకున్నాను.

నిన్న ఆ కాగితం పట్టుకుని కంపెనీ నుంచి తనిఖీకి ఒకాయన వచ్చాడు. ఆయన ముందు నీ పేరెత్తొద్దని సత్తెమ్మకు ముందే చెప్పాను. ఆమె రోజూ చెప్పే మాట చెప్పకుండానే పెడల్ మీద కాలు పెట్టింది.

"ఆగమ్మా! ఆమె చెయ్యి ఇంకా తియ్యలేదు," అన్నాడాయన.

ప్రెస్సు దగ్గర సత్తెమ్మ ఒక్కతే ఉంది.

"ఎవరు సారూ?"

"నీ పక్కనే ఉంది కదా, పచ్చగాజులు వేసుకున్నామె."

అవి బోనాలకు నేను నీకు వేయించినవి. వాటితోనే నిన్ను సాగనంపాం.

నేను కాగితం తిరిగి అడిగి, "లేదు" కొట్టేసి, నీ పేరు రాశాను. ఆర్డర్ల సంగతి ఎల్లమ్మ తల్లి దయ.

సత్తెమ్మ పక్కకు తిరిగి, "ఇగ తియ్యి, అక్కా," అంది.

ఆయన ప్రెస్సు వైపే కాసేపు చూసి, "ఇప్పుడు నడపండి," అన్నాడు.