సముద్రానికి నేను పెట్టిన విభూతి

రెడ్‌మండ్‌లో కాపురముంటూ భూరసాయన శాస్త్రం బోధించే మల్లికార్జునరావు అనే నేను, వచ్చే వారం గుండె ఆపరేషన్‌కు వెళ్ళబోతూ, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా ఇది. మతి స్థిమితంగానే ఉంది. సిగ్గుతోనే చచ్చిపోతున్నాను.

1. ఇల్లు, కారు, బ్యాంకులో ఉన్నది యావత్తూ నా భార్య జ్ఞానప్రసూనకు చెందవలెను. శ్రీశైలం విభూతి తెప్పించింది ఆమే అయినా, పూసిన చెయ్యి నాది. ఆమెను ఎవరూ పల్లెత్తు మాట అనరాదు.

2. మాగాయ జాడీ నా స్నేహితుడు విశ్వనాథానికి. ఉప్పెక్కువైందని సణుగుతూనే ఏటా జాడీ అడుగంటా ఊడ్చేవాడు. ఇకనైనా సొంతంగా పెట్టుకోవడం నేర్చుకుంటాడు.

3. రెండు వందల యాభై కోట్ల ఏళ్ళ కిందట సముద్రంలో ఫాస్ఫరస్ పుష్కలంగా ఉండేదనీ, దాన్ని తిని పెరిగిన సూక్ష్మజీవులే గాలిని ఆక్సిజన్‌తో నింపాయనీ నేను పేపర్ అచ్చు వేయించాను. నా విద్యార్థిని దేదీప్య అవే రాళ్ళను వేరే ల్యాబ్‌లో నూరి చూసి, ఆ సముద్రానికి తిండే లేదనీ, అందుకే ఆక్సిజన్ చాలాకాలం అంతంతమాత్రంగా ఉండిపోయిందనీ చెప్పింది. ల్యాబ్ పనిలో నీకు చేతిశుభ్రం లేదని సెమినార్‌లో నలుగురి ముందూ ఆమెను అన్నాను. ఆ పిల్ల పీహెచ్‌డీ వదిలేసి సాఫ్ట్‌వేర్‌లో చేరిపోయింది.

శుభ్రం లేనిది నాకు. ఏటా దసరాకి ఆయుధపూజ పేరుతో రాళ్ళు నూరే మిల్లుకు, లోపలి గిన్నెతో సహా, విభూతి రాసేవాణ్ణి. విభూతి అంటే ఆవుపేడ బూడిద. అందులో ఫాస్ఫరస్ ఉంటుందని ఇంత చదివినవాడికి తట్టలేదు! మొన్న దసరా అయ్యాక అదే మిల్లులో, ఫాస్ఫరస్ జాడే ఉండని ఉత్త ఇసుక నూరితే ఇసుకలోనూ ఫాస్ఫరస్ తేలింది. ఛీ, ఏం చదువు నాది! పేపర్ వెనక్కి తీసుకుంటున్నానని, దేదీప్య చెప్పిందే నిజమని పత్రికకు రాసి పంపాను.

4. నా రాతి నమూనాలన్నీ దేదీప్యకు.

పై నాలుగో క్లాజు కొట్టివేయడమైనది. సంతకాల రోజున దేదీప్యను సాక్షి సంతకానికి నేనే పిలిపించాను. ఆస్తి పుచ్చుకునేవారు సాక్షిగా ఉండకూడదని, ఈ వీలునామా అమలు చేయవలసిన లాయర్ రష్మి గారు చెప్పారు. అది విని దేదీప్య, "రాళ్ళు డిపార్ట్‌మెంట్‌కి ఇచ్చేయండి సార్, నేను విట్‌నెస్‌గా సైన్ చేస్తాను. ఆ రోజు అందరి ముందూ అన్నారుగా, ఇది కూడా పైకి చదవండి" అన్నది. మూడో క్లాజు ఆమె ఎదుటే చదివాను. ఒక్కసారైనా తలెత్తలేకపోయాను. రాళ్ళు డిపార్ట్‌మెంట్‌కు.

రెడ్‌మండ్, 2013 నవంబరు 8
(సంతకం) మల్లికార్జునరావు

సాక్షులు:
శ్రీధర్, పక్కింటివారు
దేదీప్య, ఎదురుగా కూర్చుని విన్నాను