దోమతెర నాలుగో మేకు

అప్పా,

నువ్వు పోయి ఏడాదైంది. మన లిలువా రైల్వే క్వార్టర్సులో సాయంత్రమైతే కరెంటు పోతూనే ఉంది, దోమలూ తగ్గలేదు.

ఏ చతుర్భుజానికైనా భుజాల మధ్యబిందువులు కలిపితే సమాంతర చతుర్భుజమే వస్తుందని ఈ చెల్లెలికి నేర్పింది నువ్వే. "నాలుగు మూలలూ ఒకే కాగితం మీద లేకపోతేనో?" అని అడిగి, జవాబు చెప్పకుండా నవ్వావు.

ఇవాళ మన దోమతెర మేకులు చూస్తే అది గుర్తొచ్చింది. మూడు మేకులు ఎత్తులో ఉన్నాయి. నీవైపుది మాత్రం, నువ్వు మంచం దిగలేని రోజుల్లో నీకు అందాలని నాన్న కిందికి కొట్టినది. నాలుగింటికీ ఒకేసారి తగిలేలా ఏ పలకా పెట్టలేం. మశారీ తెర విప్పేసి మేకు నుంచి మేకుకి దారం బిగించాను. ఆ దారాల మధ్యబిందువులను ఎర్రదారంతో కలిపాను.

"మశారీ కట్టమంటే ఏటే ఈ సాలెగూడు?" అంది అమ్మ.

ఎదురెదురు ఎర్రదారాలు కొలిస్తే సమానం! రెండూ ఒకే కర్ణంలో సగం, దానికే సమాంతరం. అంటే ఇక్కడా సమాంతర చతుర్భుజమే. కర్ణమంటే ఎదురు మేకుల మధ్య గీతేగా, దానికి కాగితంతో పనేముంది? మరి ఐదు మేకులైతే? నువ్వుంటే వెంటనే అదే అడిగేదానివి.

దారాలు విప్పుతూ, ఆ నాలుగో మేకు కూడా పైకి కొట్టేద్దామా అన్నాను.

"వద్దే. మీ అప్పకి అందదు" అంది అమ్మ.