నాన్న పట్టని జెట్టు

చిరంజీవి నడీన్‌కు నాన్న దీవెనలు. ఇక్కడ నేనూ మీ అమ్మా బాగానే ఉన్నాం. కాన్సస్ గాలి ఈసారి కోళ్ళగూడు పైకప్పు ఎత్తుకుపోయింది, అంతకు మించి నష్టం లేదు. నెబ్రాస్కాలో విమానంతో మొక్కజొన్న మీద మందు చల్లేటప్పుడు కరెంటు తీగలు చూసుకుని ఎగరమని మీ అమ్మ రాయమంది. ప్రతి ఉత్తరంలోనూ రాయమంటుంది.

మన గరాజులోని బుల్లి జెట్టు కంపెనీ కథ అడిగావు. నీ తోటి పైలట్లు నమ్మడం లేదన్నావు. నాకే ఇప్పటికీ ఆశ్చర్యం. ప్రూయిట్ అనే ఆయన మన ఊరి రన్‌వే పక్కన రేకుల షెడ్డులో మొదలుపెట్టాడు. విడిభాగాలు పెట్టెల్లో పంపిస్తాను, విమానం మీరే ఇంట్లో బిగించుకోండి అన్నాడు. రైతులు, పళ్ళ డాక్టర్లు, బడిపంతుళ్ళు ఎగబడ్డారు. రెక్కలొచ్చాయి, తోకలొచ్చాయి, ఇంజను మాత్రం రాలేదు. దాన్ని చేసేవాళ్ళు దుకాణం మూసేశారు. ఇంకొకడైతే చేతులెత్తేసేవాడు. ప్రూయిట్ ఆ బుల్లి ఒంట్లోనే చిన్న జెట్ ఇంజను దూర్చాడు! అది మన గోధుమచేల మీదుగా ఈల వేసుకుంటూ పోయిన రోజు నేను ట్రాక్టరు దిగి నోరు తెరుచుకుని నిలబడ్డాను. అంత చిన్నదాంట్లోంచి అంత చప్పుడు ఎలా వస్తుందో విప్పి చూడాలనిపించింది. మర్నాడే వెళ్ళి నా పెట్టెలు, ఆ జెట్ ఇంజనుతో సహా, తెచ్చుకున్నాను. తర్వాత ఆ కంపెనీ మునిగింది. మాలాంటివాళ్ళం మాత్రం గరాజుల్లో రేకులు అతికే రివిట్లు కొడుతూనే ఉన్నాం.

ఇక నీ అసలు ప్రశ్న. "నాన్నా, దాన్ని నువ్వే ఎగరేస్తావా? వద్దు, ఒట్టు పెట్టు" అన్నావు. పోయిన వారం ప్రభుత్వ విమానాల తనిఖీ ఆయన వచ్చి, అంతా చూసి, ఎగరొచ్చని సంతకం పెట్టి వెళ్ళాడు. అయినా ఒట్టు అక్కర్లేదు తల్లీ. చెప్పడానికి సిగ్గుగా ఉంది. నేను అందులో పట్టను.

సీటు నా పెళ్ళినాటి నడుం కొలతకు అచ్చుపోసి బిగించాను. ఆ తర్వాత మీ అమ్మ చేసిన బీరాక్‌లన్నీ, ఆ మాంసం, క్యాబేజీ కూరిన బన్నులన్నీ, ఆ నడుం చుట్టూనే చేరాయి. ఊపిరి బిగబట్టి దిగితే పైమూత పడలేదు, నేను బయటికీ రాలేదు. మీ అమ్మ చంకల కింద చేతులేసి లాగింది.

"ఏమయ్యా, ఇన్నేళ్ళు కట్టావే, మధ్యలో ఒక్కసారైనా కూచుని చూడాలని తోచలేదా?"

"కట్టేవాడికి కూచునే తీరిక ఎక్కడిదే!"

"అయితే నువ్వు ఎక్కలేనిదాంట్లో పిల్లనెక్కిస్తావా?"

నా మనసులో ఉన్నది అదే.

"ఇది శవపేటికయ్యా, చూపిస్తా చూడు" అంటూ తనే దిగి కూర్చుంది. నీదీ ఆమెదీ ఒకే ఒడ్డూ పొడుగూ కదా, సరిగ్గా పట్టింది. తిట్టబోయి ఆగిపోయింది. విమానాన్ని నడిపే చేతికర్రను తిప్పి, రెక్క చివర పలక లేవడం చూసింది. మళ్ళీ తిప్పింది. భోజనం చల్లారిపోయినా దిగలేదు.

"పిల్లకి రాయి" అంది చివరికి. "ఎగరమని రాయకు, వచ్చి చూడమని రాయి. వద్దని అదంటే నువ్వు మూతి ముడవకూడదు."

ముడవను. ఒక్క రివిట్ మీద నీకు అనుమానం వచ్చినా అక్కడికక్కడే విప్పేస్తాను. నువ్వు వద్దంటే అది గరాజులోనే ఉంటుంది, నేను రోజూ తుడుచుకుంటాను. కానీ నీ దగ్గర దాచలేను, కాళ్ళ దగ్గరి పెడళ్ళు ఇప్పటికే సీటు వైపు జరిపాను. నీ గదిలోంచి నీ పాత బూట్లు తెచ్చి, వాటిమీద పెట్టి, కొలత చూసుకుని బిగించాను. బూట్లు ఇంకా అక్కడే ఉన్నాయి.

ఇట్లు,
నేలమీదే ఉండే మీ నాన్న,
ఆర్లో