రబ్బరు ముక్కలతోనే, వదినా

వదినా,

నువ్వు పోయి ఏడాదైంది. ఇవాళ నీ జ్ఞాపకార్థ కూడికకి చర్చి పియానో నేనే శ్రుతి చేసినాను, రబ్బరు ముక్కలతోనే.

ఒక్కో స్వరానికి మూడు తీగలు. ఒకటి సరిచేస్తుంటే మిగతా రెండూ మోగకుండా సందుల్లో రబ్బరు ముక్కలు దోపి నోరు మూయించాలి. నువ్వేమో తీగల వరస పొడుగునా ఒకే మెత్తటి ఉన్ని ఫెల్టు పట్టీ దోపేదానివి. అది తీసి పక్క తీగలు బిగించేసరికి ముందు సరిచేసినవి జారిపోయేవి. నేను ఆ మాటంటే, "నీ రబ్బరు ముక్కలు తలుపు సందులో పెట్టుకో" అని క్వయరు అందరి ముందూ నవ్వినావు.

ఇందాక నీ కూతురొచ్చి విన్నాది. "ఏటత్తా ఇది, అమ్మ ఉన్నప్పుడు ఇంత బాగా మోగేది కాదే" అన్నాది. పాస్టరుగారు వినేలాగ మళ్ళీ చెప్పించుకున్నాను.

తర్వాత నువ్వున్న సమాధుల వైపు కిటికీలన్నీ తెరిచి, నీకిష్టమైన కీర్తన మొత్తం వాయించినాను. నువ్వు తప్పు పడతావని చరణం చరణానికీ ఆగినాను.