వెనక సీటు మీద గడ్డిమోపు

కుస్కో, పెరూ దేశం

పెద్దమామకు, పెద్దత్తమ్మకు మీ కోడలు ఉమారాణి కొండల మీది నుంచి పెడుతున్న దండాలు.

సూర్యాపేటలో మా మెకానిక్ షాపుకు తాళం వేసి బయలుదేరినవాళ్లం క్షేమంగా చేరాం. ఇక్కడ మోటార్‌సైకిల్ కిరాయికి తీసుకున్నాం. మీ తమ్ముడి కొడుకు నగేష్ నడుపుతాడు. నేను వెనక కూర్చుని దారి చెబుతాను, ఆయన వినడు. కొండల్లో ఫోన్ మాట నిలవడం లేదు. అందుకే కాగితం మీద రాసి ఫోటో తీసి పంపుతున్నా. పెద్దత్తమ్మా, మామకు చదివి వినిపించండి.

ఇక్కడ ఆడవాళ్లు టోపీలు పెట్టుకుని, నడుస్తూనే కదురుతో ఉన్ని వడుకుతారు. పిల్లల్ని వీపుకు కట్టుకుంటారు. దారి నిండా గొర్రెల మందలు, వాటి మధ్యలో లామాలు. గొర్రెకు ఒంటె మెడ అతికించినట్టు ఉంటుంది లామా. అటు చూస్తే మంచుకొండలు.

ఇట్లు,
ఉమారాణి

తా.క. లామా ఫోటో పెట్టాను. మీ నగేష్ దాని పక్కన సెల్ఫీకి నిలబడితే మొహం మీద ఉమ్మింది. ఫోటోలో తుడుచుకుంటున్నది ఆయనే.

---

చిలుకూరు

బిడ్డ ఉమారాణికి మైసయ్య చెప్పంగ ఆండాలు రాసేది. గొర్లు, మేము, అందరం మంచిగనే ఉన్నం.

నీ ఉత్తరం మీ పెద్దత్త సదివి వినిపిచ్చింది. ఉన్ని వడుకుతున్నరంటివి. మా అమ్మ గట్లనే వడికేది. పిల్లలు వీపు మీదంటివి. గొర్లంటివి. గింతేనా? ఇమానమెక్కి మల్ల మన చిలుకూరుకే పోయిన్రా?

సెంటర్ల చాయ్ హోటల్ కాడ ‘మా నగేష్ ఫారిన్ కొండలెక్కుతుండు’ అని మీసం తిప్పిన. ‘ఆడ ఏమున్నదట మైసయ్యా?’ అన్నరు. ‘గొర్లు’ అన్న. ఒక్కొక్కడు చాయ్ ఒలకబోసుకొని నవ్విండు. నా ఇజ్జత్ కాపాడు బిడ్డా. ఒక్కటంటే ఒక్కటి వింతది రాయి.

దీవెనలతో,
మైసయ్య

తా.క. ఇది నేను, ఆండాలును. ఈయనకు చెప్పకు. బండి ఎనక కూసుంటే ఎట్లుంటది బిడ్డా? మా బండి కొన్నకాడికెళ్లి ఎనక సీటు గడ్డిమోపుదే. నేను షేర్ ఆటోల పోత. ఒక్కపారన్న ఎక్కాల్నని మస్తు ఉన్నది. అడిగితే ‘మరి గడ్డి ఎట్ల రావాలె?’ అంటడు.

---

టిటికాకా సరస్సు ఒడ్డు, బొలీవియా

పెద్దమామ ఇజ్జత్‌కు పూచీ పడుతూ ఉమారాణి దండాలు.

లామా కన్నా వింత ఇంకేం కావాలి మామా? సరే, వినండి. ఇక్కడ మబ్బులంత ఎత్తున సముద్రమంత చెరువు ఉంది. గడ్డితో పడవలు కట్టి తిరుగుతారు. వాళ్ల గుడి ముందు బండ్లకు పూలదండలేసి పూజ చేయిస్తారు, మా బండికీ చేయించాం. తాగే ముందు భూమితల్లికి కొంచెం నేల మీద పోస్తారు, అచ్చం మన శాకలాగే. నిన్న ఒక ముసలి జంట ఇంట్లో దిగాం. ఆలుగడ్డలు మట్టిపొయ్యిలో కాల్చి కడుపునిండా పెట్టారు.

ఇట్లు,
ఉమారాణి

తా.క. వేయించిన ఎలుకలాంటి జంతువును మీ నగేష్ కోడి అనుకుని సగం తిన్నాడు. అప్పుడు పళ్లు కనిపించాయి.

పెద్దత్తమ్మకు మాత్రమే: వెనక కూర్చుంటే నడుము పోతుంది, నోట్లో దుమ్ము పడుతుంది. అయినా దిగబుద్ధి కాదు.

---

చిలుకూరు

ఉమారాణికి మైసయ్య కోపంగ రాయించేది. ఇయ్యాల దీవెనలు లెవ్వు.

బండికి పూలదండ! శాక! కాల్చిన ఆలుగడ్డ! చెరువు! నాకు దిమాక్ లేదనుకున్నరా? మీరు యాడికీ పోలే. మిర్యాలగూడల మీ అమ్మగారింట్ల దాక్కున్నరు. మా తమ్ముని కొడుకు ఇల్లరికం పోయిండని తెలిస్తే నేను సెంటర్ల తలెత్తుకోవాల్నా? రేపు పొద్దుగాల్నే వస్తున్న. నగేష్ గాడి చెవు మెలిపెట్టి సూర్యాపేటల దుకాణం కాడ దించుత.

మైసయ్య

తా.క. ఆండాలును. మీ అమ్మగారిల్లు ఈయనకు తెల్వదు, నాకే తెలుసు. అందుకని గడ్డిమోపు దించి నన్ను ఎక్కించుకుంటుండు. పట్టుచీర తీసిన.

---

బొలీవియా

అత్తమ్మా, ఉమారాణి పరుగు పరుగున పెట్టే దండం.

మామను ఆపండి! మావాళ్లు పెళ్లికి పోయారు, ఇంటికి తాళం ఉంటుంది. తాళం చూస్తే మామ అనుమానం ఇంకా గట్టిపడుతుంది. అసలు లామాను చూసి కూడా ఎందుకు నమ్మడం లేదు? ఉమ్మిన ఫోటో చూపించారా?

ఉమారాణి

తా.క. మీ నగేష్ ఇక్కడే చెవి పట్టుకుని కూర్చున్నాడు.

---

చిలుకూరు

బిడ్డ ఉమారాణికి పెద్దత్త ఆండాలు కడుపునిండ సంతోషంతోని రాసేది.

నీ ఉత్తరం అందేసరికే మేం పోయినం. నేరేడుచర్ల కాడ ఆగి మిర్చిబజ్జి తిన్నం. మిర్యాలగూడల మీ ఇంటికి తాళం. ‘సూసినవా, లోపలనే ఉన్నరు’ అని ఈయన కిటికీలకెళ్లి తొంగి సూస్తుంటే పక్కింటామె దొంగ అనుకొని ఒర్రింది. ‘సూర్యాపేటల ఉన్నరేమో’ అన్న. ఆడికి పోయినం. ‘కోదాడల సినిమాకు పోయిన్రేమో’ అన్న. ఆడికీ పోయినం. తోవల నా కొంగు ఎగురుతుంటే ‘జర సక్కగ చెక్కుకో, చక్రంల పడతది’ అన్నడు. తిట్టుడు గాదు బిడ్డా, మంచిగనే అన్నడు. నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయ్. దుమ్మన్న.

ఇగ దాచను. నీ ఉత్తరాలు సదివేటప్పుడు లామా, మంచుకొండ, గడ్డి పడవలు, ఎలుక అన్నీ ఎగ్గొట్టిన. గొర్లు, ఉన్ని, శాక, గవే సదివిన. ‘మిర్యాలగూడల ఉన్నరేమో’ అని ఈయన చెవుల ఏసింది గూడ నేనే. ఏం చేద్దు, గడ్డిమోపు దిగాల్నంటే మీరు మిర్యాలగూడల ఉండాలె.

కోదాడల పాపమనిపించి ఫోన్ల లామా ఫోటో సూపిచ్చిన. శానసేపు సూసిండు. ‘గిసోంటి గొర్రెను నా జన్మల సూడలే’ అన్నడు. అంత జెప్పేసిన. ఫోన్ నా చేతికిచ్చి బండి స్టార్ట్ చేసిండు. చిలుకూరు వచ్చింది, బండి ఆగలే. ‘ఊరు దాటినం’ అన్న.

‘ఎరికే. గట్టిగ పట్టుకో’ అన్నడు.

మీ పెద్దత్త,
ఆండాలు

తా.క. లామా ఫోటో సూపెట్టి సెంటర్ల ఈయన మల్ల మీసం తిప్పుతుండు. గడ్డిమోపు ఇప్పుడు షేర్ ఆటోల వస్తది.