ముఖం దగ్గర ఆగిన చిత్రం

జహీరాబాద్,
జూలై 1981

ప్రియమైన శ్రీవారికి,

మీరు బహరైన్ వెళ్ళిన ఈ మూడేళ్ళలో బడిపిల్లలకు డ్రాయింగు చెప్పడమే తప్ప నా కోసం బ్రష్ పట్టలేదు. ఈ వానల్లో పట్టాను. మిమ్మల్నే వేస్తున్నాను, అల్లం చేను గట్టు మీద కూర్చుని తువ్వాలతో మెడ తుడుచుకుంటున్నట్టు. ముందు బొగ్గుతో గీసి, పైన పల్చగా గోధుమరంగుతో నీడలు పెట్టాను. ఈ తేమకు ఆయిల్ రంగులు తొందరగా ఆరవు. ఒక పూత ఆరేదాకా కూర్చోవడం మీ పక్కన కూర్చున్నట్టే ఉంది.

అత్తమ్మ చూసి, "చేతులు అచ్చం మా శివరాజువే. మొఖమేది?" అన్నది. అక్కడే ఆగాను. నవ్వితే మీ పెదవి ఏ వైపు లేస్తుందో గుర్తు రావడం లేదు. ఒక ఫొటో తీయించి పంపండి.

మీ మనోరమ

బహరైన్,
ఆగస్టు 1981

ప్రియమైన మనోరమకు,

నీ ఉత్తరం అందరి ముందు చదవలేక గదికి తెచ్చుకున్నాను. ఇక్కడ వాన లేదు. నీ కాగితంలో మన మట్టి వాసన వెతికాను.

ఫొటో తీసే దుకాణం మేముండే కంపెనీ క్యాంపుకు చాలా దూరం. పెళ్ళినాటి ముఖం వెయ్యి, అదే బాగుంటుంది. సెలవు ఈసారీ దొరకలేదు. ఫికర్ చేయొద్దని అమ్మకు చెప్పు.

నీ శివరాజ్

జహీరాబాద్,
అక్టోబరు 1981

ప్రియమైన శ్రీవారికి,

ఎరుపు, పసుపు కలిపి, కాస్త ఆకుపచ్చ తగిలిస్తే ఎండకు నల్లబడిన మీ మెడ రంగు వచ్చింది. పెళ్ళి ఫొటో చూసి వేసిన ముఖం మాత్రం అతకలేదు. పెద్దమనిషి భుజాల మీద ఎవరో కుర్రవాడి తల పెట్టినట్టుంది. చాకుతో గీకి మళ్ళీ వేశాను. మళ్ళీ అంతే. ఇప్పటి మీరు కావాలి నాకు. జవాబు రాయండి.

మీ మనోరమ

జహీరాబాద్,
డిసెంబరు 1981

ప్రియమైన శ్రీవారికి,

మీ జవాబు రాలేదు. మీ క్యాంపులో పనిచేసే రాయికోడ్ ఊరి చెన్నబసప్ప సెలవు మీద వచ్చి, నిన్న మనింటికి వచ్చాడు. మీ సంగతి అడిగితే టీ గ్లాసు కింద పెట్టాడు.

"వదినా, అన్న చెప్పొద్దన్నడు. పోయినేడు పనికాడ గ్యాస్ పైపు పగిలి మంట మొఖానికి తగిలింది. కండ్లు మంచిగనే ఉన్నయి. గని అద్దం చూస్తలేడు. నువ్వు చూస్తె ఎట్లనో అని సెలవు గూడ అడుగుతలేడు."

అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకు ముందు మీ మీద కోపం వచ్చింది. ఏడాదిగా ఆ నొప్పి ఒక్కరే పడ్డారు, నన్ను దగ్గరికి రానివ్వలేదు.

కాలిన మచ్చ ఎక్కడుందని చెన్నబసప్పను అడగలేదు. ఒకరు చెప్పింది విని మీ ముఖం వేయలేను. ముఖం దగ్గర వేసినదంతా గీకి, గుడ్డతో తుడిచేశాను. కిటికీ దగ్గర పొద్దుటి వెలుతురులో కుర్చీ వేశాను. వచ్చి కూర్చోండి.

మీ మనోరమ

బహరైన్,
ఫిబ్రవరి 1982

ప్రియమైన మనోరమకు,

సెలవు అడిగాను, ఇచ్చారు. వచ్చే నెల బొంబాయిలో దిగి బస్సెక్కుతాను.

కుడి కన్ను కింది నుంచి మెడ దాకా చర్మం ముడుచుకుపోయి మెరుస్తుంది. నవ్వితే లాగుతుంది. ఈ రెండు మాటలు రాయడానికే ఇన్నాళ్ళు పట్టింది. బస్టాండుకు నువ్వొక్కదానివే రా. ముందు నువ్వు చూడు, తర్వాత అమ్మ.

కుర్చీలో కూర్చుంటాను. నువ్వు చూస్తుంటే తల దించుకుంటానేమో. అప్పుడు బ్రష్ ఆపకు. "జర మొఖం ఎత్తున్రి" అను, చాలు. ఎత్తుతాను.

నీ శివరాజ్